రీఫ్ ట్యాంకులో నాచు: లైటు తగ్గించాలా, జీఎఫ్ఓ వేయాలా, చీటో పెంచాలా?

"రాళ్ల నిండా హెయిర్ ఆల్గే (వెంట్రుకల్లాంటి నాచు) పట్టేసింది, లైటు ఎన్ని గంటలకు తగ్గించమంటారు?" అమెరికాలో రీఫ్ ట్యాంకు, అంటే కోరల్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. లైటు తగ్గించాలని ముందే తేల్చేసుకుని, ఎంతన్నది మాత్రమే అడుగుతారు. టెస్ట్ కిట్‌లో ఫాస్ఫేట్ సున్నా చూపిస్తోంది కాబట్టి తప్పంతా లైటుదేనని వాళ్ల లెక్క. నీళ్లలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ని వచ్చింది వచ్చినట్టు ఆ నాచే తినేస్తుంటే కిట్‌కి మిగిలేదేముంది?

లైటు తగ్గిస్తే ముందు పస్తుండేది కోరల్, నాచు కాదు. కోరల్‌కి అందే తిండిలో ఎక్కువ భాగం దాని ఒంట్లో ఉండే జూజాంతెల్లే అనే సూక్ష్మమైన నాచు కాంతితో తయారుచేసి పెట్టేదే. అక్రోపొరా లాంటి ఎస్‌పీఎస్‌కి, అంటే చిన్న పాలిప్‌లుండే రాతి పగడాలకు, 200 నుంచి 350 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు కొలత) దాకా కావాలి. హెయిర్ ఆల్గేకి అంత పట్టింపు లేదు, రాతి నీడలో కూడా బతికేస్తుంది. తెలుపు, ఎరుపు చానళ్లు ఆపేసి నీలం ఒక్కటే ఉంచమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నీలి వెలుగులో నాచు కంటికి అంతగా ఆనదు, నిజమే. కానీ దాని పత్రహరితం నీలాన్ని కూడా శుభ్రంగా వాడుకుంటుంది.

అలాగని లైటు ఎలా ఉన్నా పర్వాలేదని కాదు. రోజుకు 12 గంటలు ఫుల్ మీద వెలుగుతున్నా, కిటికీ ఎండ నేరుగా అద్దం మీద పడుతున్నా సరిచేయాల్సిందే. మొత్తం 8 నుంచి 10 గంటలు, అందులో పూర్తి వెలుగు ఐదారు గంటలు చాలు. ఇసుక మీద ఎర్రటి జిగురు పొరలా కమ్మే సైనో అనే బాక్టీరియాకి మూడు రోజుల చీకటి పనిచేస్తుంది. హెయిర్ ఆల్గేకి అది చాలదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. జీఎఫ్ఓ, అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, రియాక్టర్‌లో (ట్యాంకు నీళ్లు గుళికల గుండా తిరిగే గొట్టంలో) వేస్తే కొద్ది రోజుల్లోనే ఫాస్ఫేట్ దిగుతుంది. సంప్ (ట్యాంకు నీళ్లు తిరిగే అదనపు తొట్టె) లేనివాళ్లకు, ఫాస్ఫేట్ 0.3 పీపీఎం దాటినవాళ్లకు సులువైన దారి. కాకపోతే దానికి ఆగడం తెలియదు. గుళికలు నిండేదాకా లాగుతూనే ఉంటుంది. 0.2లో ఉన్నది ఒక్కసారిగా 0.02కి పడిపోతే ఎస్‌పీఎస్ కొసలు తెల్లబడి కండ ఊడి రావచ్చు. ఇక నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి చేరాయంటే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) దిగే ప్రమాదం ఉంది. గోధుమరంగు జిగట తీగలు, వాటి చివర్న గాలి బుడగలు. వాటికంటే హెయిర్ ఆల్గే వెయ్యి రెట్లు నయం. జీఎఫ్ఓ తప్పదనుకుంటే డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. గుళికలు నిండాక మార్చకపోతే రాళ్లలో దాగిన ఫాస్ఫేట్ మెల్లగా మళ్లీ నీళ్లలోకి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

చీటో, అంటే గిన్నెలు తోమే పీచులా ఉండే ఆకుపచ్చ నాచు, సంప్‌లో ఒక అరలో పెరుగుతుంది. నా ఓటు దానికే, అదీ ఒక్క కారణంతో: తిండి తగ్గితే అది తనంతట తానే నెమ్మదిస్తుంది. నీళ్లలో ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ లాగుతుంది కాబట్టి కోరల్‌కి షాక్ తగలదు. దాని లైటు రాత్రిపూట వెలిగేలా పెడితే రాత్రి పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. చీటో ఉండ ఆ అరంతా నిండగానే సగం తీసి పారేయాలి, ఎందుకంటే లాగిన ఫాస్ఫేట్ ట్యాంకులోంచి బయటికి పోయేది అప్పుడే. పారేసేముందు ట్యాంకు నీళ్ల బకెట్‌లో ఒకసారి జాడించండి. కోపెపాడ్లు, యాంఫిపాడ్లు అనే రొయ్య జాతి సన్నటి జీవులు గిలగిలా రాలతాయి. ఆ నీళ్లు తిరిగి సంప్‌లో పోస్తే చేపలకు పండగే. ఫలితానికి వారాలు పడుతుంది, లైటు కూడా గట్టిదే పెట్టాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే జీఎఫ్ఓ వైపు జారిపోతారు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, నీళ్లు మార్చే రోజు సైఫన్ గొట్టం పక్కన పెట్టుకుని నాచును చేత్తో పీకండి. కుచ్చు కదలగానే బూడిదరంగు మడ్డి లేస్తుంది, గొట్టం దాన్ని పట్టేయాలి. నత్తలు, టాంగ్ చేపలు సాయం చేస్తాయి, వాటి మీదే భారం వేయకండి. వోడ్కా డోసింగ్, అంటే బాక్టీరియాను పెంచి నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించడానికి నీళ్లలో కొద్దిగా వోడ్కా పోయడం, దాని జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి ఎవరైనా అమ్ముతున్నా కొనకండి, అది నేరం.

చీటో పెరగడం ఆగి తెల్లబడుతుంటే ముందు నైట్రేట్ చూడండి. సున్నా ఉంటే చేపలకు మేత కాస్త పెంచండి. 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉండి కూడా పెరగకపోతే, రియాక్టర్‌లో జీఎఫ్ఓ ఇంకా తిరుగుతోందేమో చూసి తీసేయండి.