పందేలు మానలేని ఇంటికి 14416: ఎంతవరకు పనికొస్తుంది?

సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చేదీ, సంక్రాంతి బరులు లేచేదీ ఇంచుమించు ఒకే రోజుల్లో. భీమవరం నుంచి అమలాపురం దాకా పందెం జబ్బున్న ఇంటికి ఏడాదిలో అన్నిటికంటే గండం అదే. కోడిపందెం దగ్గర ఆగగలిగినవాడు కూడా పక్కనే ఉన్న గుండాటలో, కోతాటలో మునిగిపోతాడు. పండగ వెళ్లాక ఫోన్లో క్రికెట్ బెట్టింగు ఎలాగూ ఉంది. అందుకే 14416కి, అంటే టెలీ మానస్‌కి ఫోన్ చేయాల్సింది కనుమ మర్నాడు కాదు, నెలగంట పెట్టేనాటికే. అప్పుడైతే ఆ సేవ నిజంగా అక్కరకొస్తుంది.

ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. 14416 కలవకపోతే 1800 891 4416 ఉంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు అప్పగిస్తారు. 14446తో మాత్రం పొరపడకండి. అది మద్యం, మత్తుమందుల వ్యసనానికి వేరే నంబరు.

చాలామంది ఫోన్ చేసి “నిద్ర పట్టట్లేదండీ, టెన్షన్‌గా ఉంటోంది” అంటారు. అలా అంటే మాట నిద్ర చుట్టూనే తిరుగుతుంది, అసలు సంగతి బయటికి రాదు. మొదటి మాటే “పందేలు మానలేకపోతున్నానండీ” అని ఉండాలి. ఏ ఆట, ఎన్నాళ్లుగా, మొత్తం బాకీ ఎంత, మందు తాగి ఆడుతున్నారా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకుని చేయండి. ప్రతిసారీ అదే మనిషి దొరక్కపోవచ్చు కాబట్టి ఆ కాగితం దాచుకోండి. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. ఆడేవాడు ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు.

జబ్బా, సరదానా అని తేల్చడానికి వైద్యులు తొమ్మిది లక్షణాలు చూస్తారు. ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే జబ్బు కిందే లెక్క. పందెం మొత్తం పెంచితే తప్ప తృప్తి లేకపోవడం, పోయినచోటే రాబట్టాలని మళ్లీ వెళ్లడం, ఎంత పోయిందో ఇంట్లో దాచడం, ఆట కోసం అప్పు చేయడం వాటిలో ముఖ్యమైనవి. అంతదాకా రానివాళ్లకు ఇంతేనని ముందే లెక్కకట్టిన పైకంతోనే వెళ్లడం, ఫోన్ ఇంట్లో వదిలేయడం, చేబదులు ముట్టకపోవడం లాంటివి పనిచేస్తాయి. జబ్బు ముదిరినవాడికి “హద్దు పెట్టుకుని ఆడతా” అన్నది పనికిరాదు. పూర్తిగా మానడమే దారి.

ఈ సేవకున్న పెద్ద లోటు డబ్బు దగ్గర. కౌన్సెలర్ మనసు కుదుటపరచగలరు గానీ బ్యాంకు ఖాతాకి తాళం వేయలేరు. ఆ పని అదే రోజు ఇంట్లో జరగాలి. లేకపోతే ఫోన్లో పడ్డ కష్టం రాత్రికే వృథా. బ్యాంకు యాప్‌లో కార్డుకి ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేయండి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు ఈ వీలు తప్పనిసరి చేసింది. యూపీఐ పరిమితి తగ్గించండి. ధాన్యం డబ్బు, రొయ్యల డబ్బు భార్య ఖాతాలోనో తల్లి ఖాతాలోనో పడేలా చూడండి. పట్టాదారు పాసుపుస్తకం, బంగారం వేరేవాళ్ల చేతిలో ఉండాలి.

బాకీలన్నీ ఒక్కసారే తీర్చేసి ఒడ్డున పడేద్దామనుకోవడం మామగార్లు, అన్నదమ్ములు ఎక్కువగా చేసే పొరపాటు. బాకీ తీరిపోయినవాడికి మళ్లీ అప్పు పుడుతుంది. జాబితా రాయించి, నూటికి ఐదు వడ్డీవి ముందు, రెండు వడ్డీవి తర్వాత, నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టండి. ఆడేవాడి చేతికి రూపాయి ఇవ్వొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఇప్పుడు ఫోన్లో కనిపించేవి దొంగ యాప్‌లే. గెలిచిన డబ్బు ఇవ్వకపోయినా అడగడానికి దిక్కుండదు. మోసపోతే, లోన్ యాప్‌వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి చేయండి.

ఫోన్‌తో కుదరనివాళ్లు కాకినాడ ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లొచ్చు. అక్కడ అడ్మిట్ చేసేస్తారన్న భయం అక్కర్లేదు. ఎక్కువగా మాటలతోనే వైద్యం. కొందరికి నాల్ట్రెక్సోన్ లాంటి మందు రాస్తారు. పిల్లల సంబంధాలు చెడతాయని జంకే వాళ్లకు ఒక సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

బాకీ బయటపడ్డ రాత్రి మాత్రం లెక్కలు అడగొద్దు, తిట్టొద్దు. చేలకీ చెరువులకీ తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, మనిషిని ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని 14416 కలపండి. అప్పటికే పురుగుమందు లాంటిదేదైనా తాగి ఉంటే 108. కనుమ నాడు మళ్లీ ఆడొచ్చినవాడు కూడా అదే రాత్రి ఫోన్ చేయాలి, ఆ రోజు పోయిన మొత్తం ముందు చెప్పాలి.