కలలో పళ్లు ఊడితే: నిఘంటువు చూడాలా, నోటుపుస్తకం తియ్యాలా?

పళ్లు ఊడిపోయినట్టు కల వచ్చిందని ఫోన్‌లో వెతికితే ఒకచోట దగ్గరివాళ్లకు గండం అని ఉంటుంది, ఇంకోచోట ఆత్మవిశ్వాసం తగ్గిందని, మరోచోట డబ్బు విషయం అని. ఏది నమ్మాలో తేలాలంటే ఆ అర్థాలు ఎక్కడివో ముందు తెలియాలి.

గండం సంగతి చాలా పాతది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆర్టెమిడోరస్ గ్రీకులో రాసిన అయిదు భాగాల స్వప్నశాస్త్రంలో నోరంటే ఇల్లు, పళ్లంటే ఇంట్లోని మనుషులు. కుడివైపువి మగవాళ్లు, ఎడమవైపువి ఆడవాళ్లు. పైవరుస పెద్దవాళ్లు, కిందివరుస వాళ్లకన్నా తక్కువవాళ్లు. ఏ పన్ను ఊడితే ఆ మనిషికి ముప్పు. అదే కల అప్పులవాడికి వస్తే మాత్రం అప్పు తీరుతుందన్నాడాయన. కల చెప్పినవాడి వృత్తి, హోదా, ఊరి ఆచారం, వయసు కనుక్కోకుండా ఫలం చెప్పకూడదనేది ఆయన నియమం. తర్వాతి కలల నిఘంటువుల్లో ఫలాలు మిగిలాయి, ప్రశ్నలు రాలిపోయాయి. అసలు లోటు ఇక్కడే ఉంది.

ఇలాంటి ఫలాలు పుట్టే దారులు నిజానికి కొన్నే. ఒకటి పోలిక, పై ఉదాహరణలో లాగా. రెండోది తలకిందులు చెయ్యడం: కలలో ఏడిస్తే మెలకువలో సంతోషం, చనిపోతే దీర్ఘాయువు. మూడోది మాటల సామ్యం. బ్రిటిష్ మ్యూజియంలోని చెస్టర్ బీటీ 3వ పాపిరస్ (రెల్లు కాగితపు చుట్ట) మూడు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు కలల పుస్తకం. అందులో ‘చెడు’ అన్న మాట ఎర్ర సిరాతో ఉంటుంది. పెద్ద పిల్లి కనబడితే మంచి పంట అని ఉంటుంది, ఎందుకంటే ఆ రెండు మాటలూ ఆ భాషలో దగ్గరదగ్గరగా పలుకుతాయి. ఇలాంటి ఫలం ఇంకో భాషలోకి వెళ్లిందంటే కారణం అక్కడే ఉండిపోయి ఫలం ఒక్కటే ప్రయాణం చేస్తుంది.

ఈనాటి వెబ్‌సైట్లు, యాప్‌ల వెనక తరచుగా ఉండేది 1901లో అమెరికాలో గుస్తావస్ హిండ్‌మన్ మిల్లర్ వేసిన కలల నిఘంటువు. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఎత్తిరాసుకోవడం సులువు. ఒక శతాబ్దం కిందటి వ్యాపార భయాలు, పెళ్లి ఆశలు అందులోంచి ఇప్పటి తెరమీదికి వస్తున్నాయి. ఫలానా గుర్తుకు ఒక్క వాక్యంలో తీర్పు, ఎందుకో చెప్పకుండా కనబడితే అది ఈ కోవదే అనుకోవచ్చు.

నిఘంటువు మొదటి పద్ధతి అనుకుంటే, దానికి పోటీగా నిలిచేది రెండో పద్ధతి, సొంత జ్ఞాపకాల దారి. 1899 చివర్లో వచ్చిన మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ గ్రంథం సంకేతలిపి విప్పినట్టు కల చదవడాన్ని పక్కనపెట్టి, ఒక్కొక్క ముక్కకు కలగన్నవాడికి ఏం గుర్తొస్తుందో అడగమంది. విచిత్రం ఏమిటంటే, తర్వాతి ముద్రణల్లో ఆయనే గుర్తుల పట్టికను పెంచుకుంటూ పోయాడు. పళ్ల కలకు యవ్వనారంభపు లైంగిక కోరికలను మూలంగా చెప్పాడు. అది కూడా నిఘంటువే, కొత్త అట్ట వేసుకుంది. పద్ధతిని తీసుకుని పట్టికను వదిలెయ్యడమే మంచిది.

చేసే తీరు ఇది. మెలకువ రాగానే కదలకుండా, కళ్లు మూసుకునే కలను వెనక్కి తెచ్చుకోండి. ఆ తర్వాతే కలం పట్టండి. ఫోన్ చూశారా, సగం పోయినట్టే. తేదీ, కల జరిగిన వరస, అప్పటి భావం, ముందు రోజు సంఘటనలు విడివిడిగా రాయండి. అర్థం మాత్రం రాయకండి. తర్వాత కలలోంచి మూడు నాలుగు ముఖ్యమైన ముక్కలు ఎంచుకుని, వాటిని ఎప్పుడూ చూడనివాడికి చెప్పినట్టు ఒక్కొక్కటీ వర్ణించండి. ‘పన్ను’ అంటే ఒకరు నమిలేది అని రాస్తారు, ఇంకొకరు నవ్వితే కనబడేది అంటారు, వేరొకరికి డాక్టరు బిల్లు గుర్తొస్తుంది. ఆ వర్ణన ఇప్పటి జీవితంలో దేనికి అతుకుతుందో అప్పుడు చూడండి. ఇది చెడేది అతిగా సాగదీసినప్పుడు. ఒక జ్ఞాపకం నుంచి ఇంకోదానికి పది మెట్లు దిగితే ఏ కలనైనా ఏ బాధకైనా ముడిపెట్టొచ్చు. రెండు మూడు మెట్ల దగ్గర ఆగాలి. నచ్చిన అర్థానికే మొగ్గడం ఇంకో ప్రమాదం: స్నేహితుడు మంచి చేసిన కల అర్థవంతంగా తోస్తుంది, చెడు చేసినది ఉత్త కలగా తోస్తుంది.

మూడో పద్ధతి లెక్క. మనస్తత్వవేత్తలు కాల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాసిల్ 1966లో 200 మంది కాలేజీ విద్యార్థుల 1000 కలలను వర్గీకరించి కొలతలు ఇచ్చారు. మనుషులెవరు, దెబ్బలాటలెన్ని, సాయాలెన్ని, ఏ భావాలు అని లెక్క. మగవాళ్ల కలల్లో మనుషులు 67 శాతం మగవాళ్లే. ఆడవాళ్ల కలల్లో ఇద్దరూ ఇంచుమించు సమానం. గుర్తుకు అర్థం ఏమిటన్న ప్రశ్న ఇందులో ఉండదు, ఏది ఎన్నిసార్లు వస్తోందన్నదే. ఒక మనిషి విషయంలో నమ్మదగ్గ చిత్రం రావాలంటే దాదాపు 100 కలలు కావాలి, అంటే నెలల పని. గమ్మత్తైన కలలే రాసి మామూలువి వదిలేస్తే లెక్క మొత్తం వంకర పోతుంది.

పళ్ల కలకే వస్తే, 2018లో ఇజ్రాయెల్‌లో విద్యార్థులపై చేసిన అధ్యయనంలో ఆ కలలకు మానసిక ఒత్తిడితో సంబంధం కనబడలేదు. నిద్ర లేచేటప్పటికి పళ్లూ చిగుళ్లూ బిగుసుకుని ఉండడంతో కనబడింది. కాబట్టి పళ్ల కల మళ్లీ మళ్లీ వస్తుంటే నిఘంటువుకన్నా ముందు దవడ తడిమి చూసుకోవాలి. ఆయుర్వేద గ్రంథం చరక సంహిత కలల్ని ఏడు రకాలు చేసి చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి అన్న మొదటి అయిదింటికీ ఫలం లేదంది. దోషాల వల్ల, అంటే ఒంటి తేడాల వల్ల వచ్చేవాటిని విడిగా పెట్టింది. నేటి యాప్‌లకన్నా ఆ వడపోతే నయం.

మా ఎంపిక: ఒక్క కల మనసును పట్టుకుంటే సొంత జ్ఞాపకాల దారి, నెలల తరబడి ఒకే తీరు కలలైతే లెక్క. నిఘంటువు చదవాలనిపిస్తే రెండూ అయ్యాకే తెరవండి, ముందు చదివితే దాని మాటే మీ జ్ఞాపకం అనిపిస్తుంది. జరగబోయేది తెలుసుకోవడానికైతే మూడూ పనికిరావు. పదేపదే వచ్చే పీడకలకు అర్థం వెతకడంకన్నా, పగటిపూట దాని కథను నచ్చినట్టు మార్చి రాసి, ఆ కొత్త కథను రోజూ 10 నుంచి 20 నిమిషాలు మనసులో నడిపించే చికిత్స ఉంది. భయంకరమైన సంఘటన తర్వాత మొదలైన పీడకలలైతే ఆ పని నిపుణుల దగ్గరే మొదలుపెట్టాలి.