అద్దె ఒక్కటే చూస్తే లెక్క తేలదు: విశాఖ, విజయవాడ, తిరుపతి, కర్నూలు తిరిగొచ్చాక

మా ఆయనకు ఈసారి బదిలీ ఖాయం. ఏ ఊరు కావాలో వరసగా నాలుగు పేర్లు రాసిమ్మన్నారు. ఇంట్లో బడికెళ్లే పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అత్తయ్య, బండి నడపని నేను. తెలిసినవాళ్లను ఎవర్ని అడిగినా అద్దె దగ్గర మొదలుపెట్టి అద్దె దగ్గరే ఆపేశారు. "కర్నూలు అయితే సగానికి సగం" అని ఒకరు, "వైజాగ్‌లో బతకలేరు" అని ఇంకొకరు. ఆ మాటలు నమ్మి ఊరు మార్చలేం కదా. వేసవి సెలవుల్లో నాలుగు ఊళ్లూ తిరిగొచ్చాం. గుళ్లూ బీచ్‌లూ పక్కన పెట్టి టు-లెట్ బోర్డులు ఉన్న వీధులు తిరిగాం, ఆఫీసు వేళల్లో బస్సులెక్కాం, రైతు బజార్లలో కూరగాయల ధరలు చూశాం.

ముందు విశాఖ. ఊరు పొడుగ్గా ఉంటుంది, అదే అసలు సంగతి. ఒక చివర కూర్మన్నపాలెం, గాజువాక. ఇంకో చివర మధురవాడ. రెండింటి మధ్యా పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం. కాబట్టి "వైజాగ్‌లో అద్దె ఎంత?" అన్న ప్రశ్నకు జవాబే లేదు, ఏ వైపు వైజాగ్ అని అడగాలి. మేం చూసిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో మధురవాడ లోపలి వీధుల్లో పన్నెండు వేలకు ఉన్నవి, ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం వైపు పదిహేను, పదహారు పలికాయి. లిఫ్ట్ ఉంటే ఇంకాస్త ఎక్కువ.

కానీ ఈ ఊళ్లో సిటీ బస్సు నిజంగా పనికొస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ ఊరి నడిమధ్యలో ఉంది. ఎటు వెళ్లాలన్నా అక్కడికొస్తే బస్సు దొరుకుతుంది. జనం ఊళ్ల పేర్లకంటే బస్సు నంబర్లే ఎక్కువ వాడతారు. రైల్వే స్టేషన్ దగ్గర 900కె ఎక్కితే బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాటి భీమిలి దాకా తీసుకెళ్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. కండక్టర్‌కు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు. మద్దిలపాలెంలో ఎక్కినప్పుడు నా పక్కన ఒకావిడ కూర్చుంది, ఒక షాపులో సేల్స్‌లో పని చేస్తుందట. ఇదివరకు బస్సూ షేర్ ఆటో కలిపి రోజుకు అరవై దాకా అయ్యేదని, ఇప్పుడు ఆ డబ్బుతో పాపకు ట్యూషన్ పెట్టించానని చెప్పింది. నెలకు పదిహేను వందలు. అద్దెలు పోల్చుకునేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవడం నేనెక్కడా వినలేదు.

బస్సుల్లో రద్దీ మాత్రం గట్టిగానే పెరిగింది. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా నిలబడటానికి కూడా చోటుండదు. అత్తయ్యను ఆ వేళప్పుడు బస్సెక్కించలేం, ఆస్పత్రికైతే ఆటోయే గతి. యాప్‌లో బుక్ చేస్తే ఒక రేటు, రోడ్డు మీద ఆపి అడిగితే ఇంకో రేటు. కాంప్లెక్స్ బయట ఆటోలు మొదట చెప్పే మాటకూ చివరికి ఒప్పుకునే మాటకూ మధ్య నలభై, యాభై తేడా కనిపించింది. ఎంవీపీ రైతు బజారు మాత్రం నాకు బాగా నచ్చింది. బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, బేరమాడే పని లేదు.

అక్కణ్ణుంచి రత్నాచల్‌లో విజయవాడ వచ్చాం. మూడొందల యాభై కిలోమీటర్లు, సెకండ్ సిట్టింగ్ టికెట్ మనిషికి రెండొందల లోపే. ప్రైవేటు ఏసీ బస్సులో అయితే దానికి నాలుగైదింతలు అడిగారు. కోస్తాలో ఉండేవాళ్లకు ఈ రైలు మార్గం పెద్ద ఆస్తి. ఊరికెళ్లాలన్నా, పెళ్లికెళ్లాలన్నా ఖర్చు అదుపులో ఉంటుంది. రాయలసీమ వైపు వెళ్లాక ఆ తేడా బాగా తెలిసింది.

విజయవాడలో నెహ్రూ బస్ స్టేషన్ ఉండగా ప్రయాణాలకు టెన్షన్ లేదు. ఏ వేళప్పుడైనా ఏదో ఒక బస్సుంటుంది, సిటీ బస్సులూ అక్కడే దొరుకుతాయి. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీద షేర్ ఆటోలకు కొదవ లేదు. విశాఖతో పోలిస్తే ఊరు దగ్గర దగ్గరగా ఉంటుంది, ఆటోకు అయ్యేదీ తక్కువే. అద్దెలు మాత్రం మేం అనుకున్నదానికంటే ఎక్కువ. మొగల్రాజపురం, పటమట వైపు పదిహేను వేలకు తక్కువ చెప్పినవాళ్లు లేరు. అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాక తాడేపల్లి, మంగళగిరి కూడా అదే దారి పట్టాయని ఒక బ్రోకర్ చెప్పాడు.

తక్కువకు కావాలంటే సింగ్ నగర్ వైపు వెళ్లమన్నారు, వెళ్లాం. తొమ్మిది వేలకు మంచి ఇల్లు, గాలీ వెలుతురూ ఉన్నాయి. హాల్లో గోడకు కొత్త రంగు వేసినా, నా నడుము కంటే పై ఎత్తున ఒక గీత సన్నగా బయటపడుతోంది. నేను దాని వంక చూస్తుంటే ఇంటావిడే చెప్పింది: "బుడమేరు నీళ్లమ్మా. అక్కడి దాకా వచ్చినాయి." 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద అది. ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయట. పాపం, దాచకుండా చెప్పింది, ఆమె మీద నాకు గౌరవం కలిగింది. అద్దెలో నెలకు ఆరు వేలు మిగిలినా, ఒక్క వరదతో అంతకు పదింతలు పోతుంది. అటువైపు తీసుకునేవాళ్లు పై అంతస్తే చూసుకోండి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో పక్కింటివాళ్లను కూడా అడగండి.

విజయవాడలో ఇంకో ఖర్చు ఎండ. కరెంటు యూనిట్ రేటు రాష్ట్రమంతా ఒకటే, బిల్లు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులో యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా ఏసీ వేసుకునే ఇంటికి బిల్లు రెట్టింపు కంటే ఎక్కువే వస్తుంది. విశాఖలో ఉక్కపోత ఉన్నా, సముద్రపు గాలి తగిలే ఇల్లయితే ఫ్యాన్‌తో గడిచిపోతుంది.

గుంటూరు మా జాబితాలో లేదు కానీ, చెప్పకుండా ఉండలేను. ఆఫీసు విజయవాడలో పెట్టుకుని కాపురం గుంటూరులో పెట్టినవాళ్లు చాలామంది. పొద్దున మంగళగిరి, నంబూరు స్టేషన్లలో చూస్తే తెలుస్తుంది, భుజానికి టిఫిన్ బ్యాగులతో జనం రైలు కోసం నిలబడి ఉంటారు. నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటే రైల్లో అయ్యే ఖర్చు పెట్రోలు ఖర్చుకు దరిదాపుల్లో కూడా ఉండదు. మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు నూటెనిమిది పైనే ఉంది మరి. రోజూ ముప్పై అయిదు కిలోమీటర్లు బండి మీద వెళ్లొచ్చే మగవాళ్లు ఇది ఒకసారి ఆలోచించుకోవాలి.

తిరుపతి లెక్కే వేరు. పగలు యాత్రికుడిగా ఉంటే ఇంత చవక ఊరు ఇంకోటి లేదు. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రెండూ టీటీడీవే. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఉచిత భోజనం, తిరుమలలో తిరగడానికి ఉచిత బస్సులు. అలిపిరి నుంచి నడిచి వెళ్తే 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి అయితే 2,388. బస్సులో వెళ్లే ఆడవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, స్త్రీశక్తి మొదలైనప్పుడు కొండకెళ్లే సప్తగిరి బస్సులను అందులో చేర్చలేదు. టికెట్ కొనుక్కునే వెళ్లాం.

రాత్రి బస మాత్రం చాలా ఖరీదు. టీటీడీ గది దొరక్క ఒక ప్రైవేటు లాడ్జికి వెళ్తే, గురువారం పదిహేను వందలన్న గదికి శనివారం మూడు వేలన్నారు. పైగా ఇరవై నాలుగు గంటల లెక్క కాదు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలట. అత్తయ్య అప్పటికి స్నానం కూడా చెయ్యలేదు. గది తీసుకునే ముందే చెకౌట్ వేళ అడగడం మంచిది. కాపురం పెట్టేవాళ్లకు భవానీ నగర్, కేటీ రోడ్డు వైపు అద్దెలు విజయవాడతో పోటీ పడుతున్నాయి. కాలేజీలు ఎక్కువ కావడంతో ఇంటివాళ్లు కుటుంబాల కంటే గదికి నలుగురు పిల్లలను పెట్టుకోవడానికే ఇష్టపడుతున్నారు. ఊళ్లో తిరగడానికి ఆటోనే దిక్కు, శని ఆదివారాల్లో అదీ యాత్రికుల రేటే.

అక్కణ్ణుంచి కర్నూలుకు కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో వెళ్లాం. అద్దె విషయంలో అందరూ చెప్పింది నిజమే. వెంకటరమణ కాలనీలో విశాలమైన ఇల్లు ఎనిమిది వేలు. ముందు వరండా, వెనక జామచెట్టు. మా ఆయన అక్కడే ఆగిపోయారు. రాత్రి లాడ్జిలో కాగితం మీద లెక్క వేశాం. విశాఖకూ దీనికీ అద్దెలో తేడా ఏడు వేలు. ఇక్కడ బస్సును నమ్ముకుని ఊళ్లో తిరగలేం కాబట్టి పిల్లలకు స్కూల్ ఆటో తప్పదు, ఇద్దరికీ మూడు వేలు. నేను బయటికెళ్లాలన్నా, అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా ఆటోకు నెలకు పదిహేను వందలు. వేసవిలో ట్యాంకర్ నీళ్లు. ఇక మా వాళ్లంతా తెనాలి వైపు ఉన్నారు. కర్నూలు నుంచి అటు నేరుగా వెళ్లే రైళ్లు అనువుగా లేవు, గుంటూరు లైను నంద్యాల మీదుగా పోతుంది. వెళ్తే రాత్రంతా బస్సు. అయిదుగురం పెద్దా చిన్నా కలిసి పండక్కి వెళ్లొస్తే ఆరేడు వేలు. ఇవన్నీ కలిపితే ఆ ఏడు వేల తేడాలో మిగిలేది రెండు వేలు కూడా లేదు.

అయితే అదే కర్నూలు, హైదరాబాద్‌లో బంధువులున్నవాళ్లకు బాగా కలిసొస్తుంది. హైవే మీద రెండొందల పైచిలుకు కిలోమీటర్లే, బస్సులకు లోటు లేదు. ఇంట్లో ఇద్దరూ బండి నడిపేవాళ్లయితే స్కూల్ ఆటో ఖర్చూ తగ్గుతుంది. సీ క్యాంపు రైతు బజార్లో కూరగాయలు నాలుగు ఊళ్లలోకీ చవగ్గా దొరికాయి. పొద్దున ఉగ్గాని బజ్జీ తింటే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు.

తిండి గురించి ఒక్క మాట. ఏ ఊళ్లోనైనా అన్న క్యాంటీన్‌లో పూటకు అయిదు రూపాయలే. విశాఖలోనూ విజయవాడలోనూ తిన్నాం, శుభ్రంగా ఉంది, వేడిగా పెట్టారు. ఇంటి కోసం తిరిగేటప్పుడు, పరీక్షకు వచ్చిన పిల్లలకు, ఆస్పత్రిలో మనిషిని చూసుకునేవాళ్లకు ఇది ఎంత ఆసరానో అక్కడ క్యూలో నిలబడ్డవాళ్లను చూస్తే అర్థమైంది.

చివరికి కాగితం మీద విశాఖ, విజయవాడ, కర్నూలు, తిరుపతి అని అదే వరసలో రాసిచ్చాం. విశాఖ వస్తే మద్దిలపాలెం చుట్టుపక్కలే తీసుకుంటాం, అద్దె రెండు వేలు ఎక్కువైనా సరే. బస్ స్టాప్ అయిదు నిమిషాల నడకలో ఉండాలి, లిఫ్ట్ ఉండాలి. విజయవాడ వస్తే పటమటలో రెండో అంతస్తు ఇల్లొకటి చూసి ఉంచాం, ఇంటాయన జూన్ మొదటి వారం దాకా ఆగుతానన్నారు.