14416 టెలి మానస్: చిన్నప్పటి భయాలు ఇంకా వదలనివాళ్ల కోసం నా రివ్యూ

ఇది సెంట్రల్ గవర్నమెంట్ 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఫోన్ కౌన్సెలింగ్, 14416కి కొడితే భాష అడుగుతుంది, తెలుగు నొక్కితే కౌన్సెలర్ లైన్లోకి వస్తారు, రాత్రీ పగలూ ఉంటుంది, పైసా అడగరు. నాకైతే మస్తు పనికొచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నా.

పైకి చూస్తే నాది ఆఫీస్ స్ట్రెస్సే. అమీర్‌పేటలో అకౌంట్స్ పని, నెలాఖరుకి మేనేజర్ గొంతు పెంచుతడు, మిగతావాళ్లు కాసేపటికి చాయ్ దగ్గర నవ్వుకుంటారు, నాకేమో చేతులు చల్లబడిపోయి మాట రాదు, ఆ రాత్రి నిద్ర కూడా ఉండదు. చిన్నప్పుడు నాయన తాగొచ్చి అమ్మని కొట్టేటోడు, గేటు చప్పుడైతే చాలు తమ్ముణ్ణి లాక్కొని మంచం కిందికి దూరేదాన్ని. ఇంట్లో ఆ మాట ఎత్తితే "అయిపోయిందాన్ని ఇంకా ఎందుకు తవ్వుతవ్" అంటారు. ముందు ఒక ప్రైవేట్ సెంటర్‌కి పోతే లాప్‌టాప్ చూసుకుంటూ ప్రశ్నలు చదివి ఫీజు తీసుకున్నారంతే.

14416లో లైన్లోకి వచ్చిన కౌన్సెలర్ మేడమ్ నన్ను చెప్పనిచ్చింది, మధ్యలో అడ్డురాలేదు. మొత్తం విన్నాక "అప్పుడు మీకు ఎవరున్నారమ్మా?" అని అడిగింది. మా చిన్నమ్మ ఉండె, రెండు గల్లీల అవతల, గొడవైతే ఉరికేవాళ్లం, ఆమె ఏం అడగకుండా అన్నం పెట్టి పండబెట్టేది. "మరి ఇప్పుడు ఎవరున్నారు?" అంటే నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నా, అమెరికాలో ఫెలిటి, ఆండా అనే డాక్టర్లు 1998లోనే రాశారు, ఇంట్లో తాగుడు, అమ్మని కొట్టడం, తిట్లు, దెబ్బలు, ఇట్లాంటివి చిన్నప్పుడు ఎన్ని రకాలు చూస్తే పెద్దయ్యాక డిప్రెషన్, తాగుడు, గుండె జబ్బు అంత ఎక్కువగా కనిపిస్తాయంట. భయపడకండి, అది వేలమంది మీద తేలిన లెక్క, మీ జాతకం కాదు. నమ్మకంగా పక్కన నిలబడే మనిషి ఒక్కరున్నా ఆ దెబ్బ తగ్గుతుందని కూడా పరిశోధనల్లో ఉంది, పిల్లలకే కాదు, పెద్దయ్యాక కూడా.

మేడమ్ చెప్పినవి చిన్న పనులే. శ్వాస లోపలికి తీసుకున్నదానికంటే మెల్లగా బయటికి వదలడం, నెలాఖరుకి ముందే ఎవరికైనా ఫోన్ చేసి పెట్టుకోవడం, ఆఫీస్‌లో ఒక్కరికైనా సంగతి చెప్పడం. చిన్నమ్మ ఇప్పుడు మేడ్చల్‌లో ఉంది, ఆదివారాలు పోతున్నా, మొన్న తనే అంది, "మీ నాయన మా గడప దాకా వస్తడేమోనని నాక్కూడా భయమయ్యేది బిడ్డా" అని. ఇన్నేళ్లలో మేం ఆ సంగతి మాట్లాడుకోవడం అదే మొదలు, ఇద్దరం ఏడ్చాం, ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నా.

ఫోన్ కౌన్సెలింగ్‌తోనే అన్నీ తీరిపోవు, లోతైన గాయాలకి ఒకే సైకాలజిస్ట్ దగ్గర నెలల తరబడి కూర్చోవాలి, అవసరమైతే వీళ్లే సైకియాట్రిస్ట్‌కి కనెక్ట్ చేస్తారు. మన సిటీలో ఎర్రగడ్డ అనే మాటని తిట్టులా వాడతారు, నాకు చాలా కోపమొస్తది, అక్కడ ఉన్నది మానసిక వైద్యం చేసే గవర్నమెంట్ హాస్పిటల్, మెట్రో దిగి పోవచ్చు.

మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్లకి వినిపించని చోటు చూసుకోండి, నేను మిద్దె మీదికి పోయి చేశా. మీ పక్కింట్లో పిల్లలు ఇప్పుడే దెబ్బలు తింటుంటే మాత్రం దానికి నంబర్ వేరే, 1098, అదీ ఫ్రీనే. మా గల్లీలో అప్పుడు ఎవరూ చేయలేదు, మీరు చేయండి.