ఆడవాళ్లకు డ్రెస్ కోడా, అందరికీ నడవడి నియమాలా?

పనిచోట ఆడవాళ్లకు వేధింపులు రాకుండా ఏది పెట్టాలి? చెన్నైలో షాపో ఆఫీసో నడిపే మన తెలుగు క్రైస్తవులకు తరచూ వచ్చే సందేహమిది.

వాక్యం: డ్రెస్ కోడ్‌కు 1 తిమోతి 2:9 చూపిస్తారు. కానీ ఆ వచనం వద్దన్నది జడలు, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టల ఆడంబరాన్ని. నడవడికి ఆధారం మత్తయి 5:28. మోహపు చూపు చూసినవాడినే యేసు తప్పుపట్టాడు, ఆమె బట్టల ఊసెత్తలేదు.

ఖర్చు: యూనిఫాంకు బట్ట, కుట్టుకూలి. నియమాలకు డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ. పదిమంది, ఆపైన పనిచేసే చోట, పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఎలాగూ తప్పదు: అధ్యక్షురాలిగా సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదుకు గడువు 3 నెలలు, విచారణకు 90 రోజులు.

రిస్కు: డ్రెస్ కోడ్ ఒక్కటే ఉంటే, వేధింపు జరిగాక మొదటి ప్రశ్న "ఏం వేసుకున్నావమ్మా?" అవుతుంది. ఫిర్యాదు అక్కడే చచ్చిపోతుంది. పెద్ద కస్టమర్ వెకిలిగా మాట్లాడినప్పుడు యజమాని నోరు మెదపకపోతే నియమాలూ దండగే.

అన్నట్టు, కౌంటర్ దగ్గర అమ్మాయిలను రోజంతా బొమ్మల్లా నిలబెట్టకండి. తమిళనాడులో దుకాణాలు, సంస్థల చట్టానికి 2021లో చేసిన సవరణతో ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి.

ఎవరికి ఏది: మెషిన్లు, ల్యాబు, వంటగది ఉన్నచోట డ్రెస్ కోడ్ అవసరమే, మగవాళ్లకూ అదే కొలత. సేల్స్, రిసెప్షన్, క్లయింట్ మీటింగుల చోట నడవడి నియమాలే ముందు. "అందమైన అమ్మాయిలు కావలెను" అనే ఉద్యోగ ప్రకటనను మార్చడంతో మొదలుపెట్టండి.