16 వేల కాకుల మకాంకి సైకిల్ మీద

పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్‌కి మూడున్నర గంటలు రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి 14 మైళ్ళు సైకిల్ తొక్కింది కాకుల్ని చూడ్డానికని చెప్తే, మా అమ్మ ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా "అక్కడ మనవాళ్ళెవరూ లేరా?" అంది. ఉన్నారు. మా బావమరిది అక్కడే ఉంటాడు. పదేళ్ళ నుంచి బాతెల్‌లో ఉంటున్నాడు. వాళ్ళింటికి రెండు మైళ్ళలో రోజూ సాయంత్రం వేల కాకులు చేరతాయని ఈ ట్రిప్ దాకా అతనికి తెలీదు.

సియాటిల్‌కి ఈశాన్యంగా ఉండే బాతెల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళ క్యాంపస్ ఒకటుంది. కాస్కేడియా కాలేజీ కూడా అందులోనే. దాన్ని ఆనుకుని నార్త్ క్రీక్ అనే వాగు, చుట్టూ 58 ఎకరాల చిత్తడి నేల. ఒకప్పుడు వాగుని తిన్నగా కాలవలా తవ్వేసి, నేలని ఎండబెట్టి పశువుల మేతకి వాడుకున్నారు. క్యాంపస్ కట్టేటప్పుడు వాగుకి మళ్ళీ వంకలు పెట్టి, విల్లోలూ ఆల్డర్‌లూ నాటారు. చెట్లు ఎదిగి గుబురయ్యాక కాకులు వచ్చి చేరాయి. బాగా చలి రోజుల్లో 16 వేల దాకా వస్తాయని యూనివర్సిటీ వాళ్ళ లెక్క.

పోర్ట్‌లాండ్‌లోనూ ఇలాంటిదొకటి ఉంది. సెప్టెంబర్‌లో చాప్‌మన్ స్కూలు పొగగొట్టంలోకి వాక్స్ స్విఫ్ట్ అనే చిన్న పిట్టలు సుడిగాలిలా తిరుగుతూ దిగుతాయి. కొండవాలు గడ్డి మీద జనం దుప్పట్లు పరుచుకుని కూచుంటారు, పిల్లలు అట్టముక్కల మీద జారుతుంటారు, డేగ వచ్చి ఒక పిట్టని తన్నుకుపోతే సగం మంది "అయ్యో" అంటారు, సగం మంది చప్పట్లు కొడతారు. అది తిరునాళ్ళ. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కాకులూ ఉన్నాయి మాకు, చలికాలం డౌన్‌టౌన్ చెట్ల నిండా. కానీ రెట్టల గోల పడలేక అక్కడ హారిస్ గద్దల్ని తెచ్చి వాటిని తోలిస్తున్నారు. కాకుల్ని కొట్టి గద్దలకు పెట్టడం మన సామెత. మావాళ్ళు గద్దల్ని పెట్టి కాకుల్ని కొడుతున్నారు. బాతెల్‌లో మాత్రం వాటిని ఎవరూ కదిలించరని విని, నవంబర్ మూడో శనివారానికి అక్కడి సైకిల్ మిత్రబృందం పెట్టుకున్న రైడ్‌లో పేరిచ్చాను.

రైలు సంగతి ముందు. యామ్‌ట్రాక్ కాస్కేడ్స్‌లో సైకిల్‌కి కూడా టికెట్‌తో పాటే చోటు బుక్ చేసుకోవాలి. సామాన్ల పెట్టెలో కొక్కేనికి వేలాడదీస్తారు. సంచులన్నీ ముందే విప్పి చేత్తో పట్టుకోవాలి, అదొక్కటే తలనొప్పి. దిగింది కింగ్ స్ట్రీట్ స్టేషన్‌లో. పక్కనే లైట్ రైలు. దాన్లోకీ సైకిల్‌తో ఎక్కొచ్చు. సియాటిల్‌లోనే, యూనివర్సిటీ మెయిన్ క్యాంపస్ దగ్గరి స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కి పైకొస్తే బర్క్-గిల్మన్ ట్రైల్ దగ్గరే. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ట్రైల్ మీద చక్రం పెట్టేదాకా కారు అవసరమే పడలేదు. ఈ మొత్తం ట్రిప్‌లో నేను పూర్తి మార్కులు వేసేది దీనికే.

మధ్యాహ్నం ఒకటిన్నరకి స్టేషన్ బయట పాతిక మందిమి చేరాం. ఖరీదైన కార్బన్ సైకిళ్ళవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావి బుట్టలున్నవీ, పిల్లల సీట్లున్నవీ, బ్యాటరీవీ. ముందొకరు దారి చూపిస్తారు, ఆఖర్న ఒకరు ఎవర్నీ వదిలేయకుండా వస్తారు. ఆఖర్న వచ్చినావిడకి అరవై పైనే ఉంటాయి, మడ్‌గార్డుకి ఎర్రలైట్లు మూడు కట్టుకుంది. బయల్దేరే ముందు ఆవిడ చెప్పిన రూల్స్ మూడే: ఆకుల మీద బ్రేక్ వెయ్యొద్దు, కాకుల మీదకి లైట్ వెయ్యొద్దు, పైకి చూసేటప్పుడు నోరు మూసుకోండి. మూడోది జోక్ అనుకున్నాను.

ఈ ట్రైల్ పాత రైలు కట్ట, 1978 నుంచి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఇచ్చేశారు. అందుకే ఎత్తుపల్లాలు దాదాపు లేవు. వారానికోసారి తొక్కేవాళ్ళు కూడా ఆయాసపడకుండా వెళ్ళొచ్చు. కానీ చెట్ల వేళ్ళు తారుని కిందనుంచి లేపేసిన చోట్లు చాలా ఉన్నాయి, తడి ఆకులు కప్పితే అవి కనపడవు. అలాంటి ఒక వేరు దగ్గరే నా వెనక టైరు పంచరైంది. కొత్త ట్యూబ్ ఉంది, పంపు ఇంట్లో ఉండిపోయింది. ఆఖర్న వచ్చినావిడ పంపు ఇచ్చి, గాలి కూడా సగం తనే కొట్టింది. పన్నెండు నిమిషాలు పాతిక మంది చలిలో నా కోసం నిలబడ్డారు. ఒక్కరూ వాచీ చూసుకోలేదు.

కెన్‌మోర్‌లో లాగ్‌బూమ్ పార్కు దగ్గర ఆగాం. అక్కడ టాయిలెట్లున్నాయి, వాడుకోండి. అక్కణ్ణుంచి లేక్ వాషింగ్టన్ సరస్సు వెనకపడుతుంది. మూడూ నలభై అయ్యింది. అప్పుడు కనిపించింది మొదటి బారు. పది కాకులు, మాకంటే ఎత్తున, మా దిక్కుకే. తొందర లేదు, గోల లేదు. తర్వాత ఇంకో బారు. కాసేపటికి మా ఎడమపక్కన కూడా. ఒక మైలు దాకా ఒకే కాకి నాతో పాటు వచ్చింది. అంటే, అదే కాకి అని నేను నమ్మాను. గంటకి 12 మైళ్ళు తొక్కితే దానికంటే కొంచెం వెనకపడుతున్నాను, 14 తొక్కితే సరిపోతోంది. కౌంటీ ట్రైల్ మీద వేగం హద్దు ఎలాగూ 15. కార్లో వచ్చేవాళ్ళు చివరి అంకం మాత్రమే చూస్తారు. ఊళ్ళో వాటితో పాటు పని దిగి ఇంటికెళ్తున్నట్టు అనిపించేది సైకిల్ మీదే.

క్యాంపస్‌లో చూడ్డానికి రెండు చోట్లు. పార్కింగ్ గ్యారేజీ పై అంతస్తు ఒకటి, ఆటస్థలం పక్కన చిత్తడి నేల అంచు రెండోది. పైనుంచి ఆకాశం మొత్తం కనిపిస్తుంది, ఫోటోలు బాగా వస్తాయి. నాకు మాత్రం కిందే నచ్చింది. ఎందుకంటే కాకులు వచ్చీరాగానే చెట్లెక్కవు. ముందు మైదానంలోనూ, భవనాల కప్పుల మీదా దిగి ఒక పెద్ద సభ పెడతాయి. కిందుంటే ఆ సభలో మనం కూడా ఉంటాం.

మా బావమరిది కార్లో అప్పటికే వచ్చి ఉన్నాడు, చేతిలో గొడుగు. "వాన లేదు కదరా" అన్నాను. "చూస్తావుగా బావా" అన్నాడు.

ఈ కాకి మనూరి కాకి కాదు. మెడ దగ్గర బూడిద రంగు లేదు, ముక్కు నుంచి తోక దాకా ఒకటే నలుపు. మన బొంతకాకిలాగా పెద్ద ముక్కూ కాదు. నాకు పది అడుగుల్లో రెండు కాకులు ఇనుప కటకటాల మీద కూచున్నాయి. ఒకటి తల వంచి మెడ ఇచ్చింది. రెండోది ఆ ఈకల్ని వేళ్ళతో పాయలు తీసినట్టు ముక్కుతో ఒక్కొక్కటే తీస్తోంది. మెడ ఇచ్చినది కన్ను మూసింది. అంత గోలలో అలా కన్ను మూసుకుని కూచోవడం చూసి కెమెరా తియ్యడం మర్చిపోయాను.

నాలుగున్నరకి పొద్దుగూకింది. ఇంకో పావుగంటకి, ఎవరు సైగ చేశారో తెలీదు, మైదానం మొత్తం లేచింది. నలుపు దుప్పటి దులిపినట్టు. విల్లో కొమ్మ ఒక్కొక్కటీ బరువుకి వంగి, మళ్ళీ లేచి, మళ్ళీ వంగి. చోటు కోసం కొట్లాటలు, పైన వాలినది కింద వాలినదాని మీద రెట్ట వెయ్యడం, కిందది లేచి ఇంకో కొమ్మకి. చీకటి పడ్డాక కావుకావులు తగ్గి, గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు చిన్న చిన్న శబ్దాలు. ఎండుటాకుల మీద చిటపట మొదలైంది. వాన అనుకుని చెయ్యి చాపాను. బావమరిది గొడుగు విప్పాడు.

"బావా, వీటన్నిటికీ పిండం పెట్టాలంటే మన రెండు వంశాలూ చాలవు" అన్నాడు.

ఎందుకు ఇలా ఒక్కచోటే పడుకుంటాయంటే గుడ్లగూబ భయం పెద్ద కారణం. ఇన్ని కళ్ళలో ఏదో ఒక కన్ను తెరిచే ఉంటుంది. అందుకే రైడ్‌లో ఆఖర్న వచ్చినావిడ లైట్ వెయ్యొద్దంది. మాలో ఎవరిదో హెడ్‌లైట్ పొరపాటున వెలిగితే ఒక చెట్టు మొత్తం లేచి, మళ్ళీ కుదురుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది.

తిరుగుదారి గురించి నిజం చెప్పాలి. సియాటిల్‌లో యూనివర్సిటీ వైపుకి బస్సు ఉంది కానీ, ముందు తగిలించే ర్యాక్‌లో పట్టేది మూడే సైకిళ్ళు. మావి పాతిక. ముగ్గురు బస్సెక్కారు, మిగతావాళ్ళు ఆ 14 మైళ్ళూ చీకట్లో తొక్కారు. ముందు తెల్ల లైటు గట్టిది లేకపోతే ఆ పని పెట్టుకోకండి. చేతికి గ్లవ్స్ రెండు జతలు తెచ్చుకోండి.

నేను బాతెల్‌లోనే ఉండిపోయాను. బావమరిది ఇంట్లో వాళ్ళ అత్తామామలు దిగి ఉన్నారు, అందుకని ఫ్రీవే పక్కన ఒక హోటల్. ఫోన్లో "సైకిల్ గదిలో పెట్టుకోవచ్చు" అన్నారు. తీరా రాత్రి వెళ్ళాక కౌంటర్లో ఉన్నతను నా హెల్మెట్ మీది తెల్ల మరకల్నీ, సైకిల్‌నీ చూసి "బయట స్టాండుకి తాళం వేసుకోండి" అన్నాడు. మరకల విషయంలో అతన్ని తప్పు పట్టలేను. అరగంట వాదించాక సామాన్ల గదిలో పెట్టనిచ్చారు. గది శుభ్రంగానే ఉంది, రాత్రంతా ఫ్రీవే హోరు. మళ్ళీ వెళ్తే సియాటిల్‌లోనే యూనివర్సిటీ దగ్గర గది తీసుకుని, అందరితో పాటు చీకట్లో వెనక్కి తొక్కుతాను. సైకిల్ సంగతి ఈమెయిల్లో రాయించుకుంటాను.

ఆ శనివారం నుంచి సాయంత్రం నాలుగు దాటగానే నాకో వీడియో వస్తోంది. ఆఫీసు పార్కింగ్‌లోంచో, ట్రాఫిక్ లైటు దగ్గర్నుంచో తీసినవి. ఆకాశంలో నల్లటి చుక్కలు, కింద ఒకే మాట: "బావా, బయల్దేరారు."