బరంపురం ఉప్పుగాలిలో ఏది మేలు? ఇంటికి బ్యాటరీ, పిల్లలకు ఎయిర్ రైఫిల్

గోపాలపూర్ తీరం నుంచి బరంపురం మీదికి వీచే గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. అందుకే ఇక్కడ పెట్టె మీద ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని కనబడితే కాస్త అనుమానంగా చూడాలి. సంరక్షణ పని ఎవరు చేయాలి, ఎన్నాళ్లకోసారి చేయాలి, చేయకపోతే ఏం పాడవుతుంది అన్న లెక్క తేలాకే ధర మాట్లాడుకోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్‌కీ, గురి నేర్చుకునే పిల్లల రైఫిల్‌కీ ఇదే కొలత సరిపోతుంది.

ముందు కరెంటు సంగతి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు దాటి గజపతి జిల్లా కొండల్లో వాన కుమ్మరించింది. అలాంటి రోజుల్లో ఏ ఇన్వర్టరూ చాలదు, మనం చూడాల్సింది మామూలు కోతలకే.

మూడు పాత ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), తొమ్మిది వాట్ల బల్బులు ఐదు, వైఫై డబ్బా పది వాట్లు. మొత్తం 280 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబ్యులర్ బ్యాటరీలో, అంటే సీసం, యాసిడ్ ఉండే మామూలు రకంలో, ఉండేది 1800 వాట్-అవర్లు. పూర్తిగా పిండకూడదు కనుక 80 శాతం, ఇన్వర్టర్ తినేది పోగా అందులో 80 శాతం తీసుకుంటే 1150 మిగులుతుంది, అంటే నాలుగు గంటలు. అయితే ఆ 150 అన్న అంకె 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు మెల్లగా తోడితే వచ్చేది. మూడు ఫ్యాన్లతో గట్టిగా తోడితే మూడున్నర గంటలకే దిగిపోతుంది. అవే మూడు ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటారువి) చేస్తే మొత్తం లోడు 145 వాట్లే, సమయం రెట్టింపు దాకా పెరుగుతుంది. అందుకే నా ఓటు ముందు ఫ్యాన్లకే, బ్యాటరీ ఆ తర్వాత.

ఇక ట్యూబ్యులరా, లిథియమా? 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1280 వాట్-అవర్లే. కాని అందులో 90 శాతం వాడుకోవచ్చు, గట్టిగా తోడినా పెద్దగా తగ్గదు. పై పాత ఫ్యాన్ల లెక్కలో ఇదీ మూడున్నర గంటల చుట్టుపక్కలే వస్తుంది. అంకె చూసి 150 పెద్దది, 100 చిన్నది అనుకుంటే పొరపాటు.

ట్యూబ్యులర్‌కు ప్రతి మూడు నెలలకు మూతల మీద తేలే సూచికలు చూడాలి. ఎర్ర గీతకు దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, ఆకుపచ్చ గీత దాటించకూడదు. చార్జింగ్ పూర్తయ్యాక పోయడం మంచిది, చార్జి అవుతున్నప్పుడు మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే: ఆర్ఓ నీళ్లూ, సీసాలో అమ్మే మినరల్ వాటరూ పోస్తారు. రెండింటిలోనూ లవణాలుంటాయి, అవి లోపలి ప్లేట్లను తినేస్తాయి. ఏసీ నుంచి కారిన నీళ్లలో దుమ్ము, లోహపు రజను వస్తాయి. యాసిడ్ పోయడం మరీ దారుణం, ఎగిరిపోయింది నీళ్లే గాని యాసిడ్ కాదు. టెర్మినళ్ల మీద తెల్లటి, ఆకుపచ్చని చిలుము కడితే స్విచ్ ఆపి, నెగటివ్ తీగ ముందు విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. ఉప్పుగాలిలో ఈ పని ఎక్కువసార్లు పడుతుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కనుక బీరువాలో, మెట్ల కింది మూతగదిలో పెట్టకూడదు.

లిథియంకు నీళ్ల గొడవ లేదు, బరువూ తక్కువే. కాని పాత ఇన్వర్టర్‌కు తగిలిస్తే, అది ట్యూబ్యులర్‌కని 15 వోల్టుల దాకా నెడుతుంది. నాలుగు సెల్స్ లిథియంకు 14.6 మించకూడదు. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) కట్ చేసేస్తుంది, ఇల్లంతా చీకటై ‘బ్యాటరీ చెడింది’ అనుకుంటారు. ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందా అని అడగకుండా కొనకండి. ఇంకో మాట: ట్యూబ్యులర్‌ను పాతదిచ్చి కొత్తది పట్టుకొచ్చే దుకాణం ఊరూరా ఉంటుంది, లిథియం చెడితే కంపెనీకి పంపాల్సిందే.

ఏడాదిలో నాలుగు నెలలు ఇల్లు తాళం వేసి విశాఖలో ఉండేవాళ్లు ఆలోచించక్కర్లేదు, లిథియమే. సగం చార్జితో ఆపేసి వెళ్లొచ్చు. ట్యూబ్యులర్‌ను కనెక్షన్‌లో ఉంచితే నీరు ఎండుతుంది, ఆపేసి పోతే ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది. ఇంట్లో పెద్దలుండి, వరండాలో గాలి తగిలే చోటుండి, మూడు నెలలకోసారి నీళ్లు చూడటం గుర్తుంచుకునేవాళ్లుంటే ట్యూబ్యులర్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. పైకప్పు సోలార్ సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000) చూసి ‘ఇక ఇన్వర్టర్ ఎందుకు’ అనే వాళ్లకు ఒకటే మాట: ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా కట్టారు.

ఇప్పుడు రైఫిల్. .22 లైసెన్సు తుపాకి ఇంటికి ఎందుకో ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. 21 ఏళ్లు నిండాలి, ఐదేళ్లకోసారి రెన్యూవల్, తాళం బీరువా. పిల్లల సాధనకు 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ చాలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం నాళం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళాలు, అంటే ఆ 4.5 మి.మీ., బయటికొచ్చే పెల్లెట్ (సీసపు గుండు) శక్తి 20 జౌళ్లు దాటనిదానికి లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం దాచుకోండి, ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం దాటేటప్పుడు పనికొస్తుంది. దానితో పక్షిని కొట్టడం వన్యప్రాణి చట్టం (1972) కింద నేరమని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఎయిర్ రైఫిళ్లలో సీవో2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్‌ది మన వేసవికి పనికిరాదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్లుండే పీడనం ఎండకు పెరుగుతుంది, గురి మారుతుంది. 31 డిగ్రీలు దాటితే లోపలి ద్రవం ద్రవంగా ఉండదు. ఎండలో కారులో వదిలితే ప్రమాదం.

పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి కుక్కి ఉంచుకునే రకం) తేలిక, కుదుపు లేదు, పోటీలకు అదే. కాని 200 బార్లు నింపాలి. చేతి పంపు పెద్దవాళ్లకే చెమట పట్టిస్తుంది. పైగా ఇక్కడి తేమగాలిని అంత కుక్కితే అందులోని ఆవిరి నీరవుతుంది. తేమ తీసే ఫిల్టర్ లేకపోతే సిలిండర్ లోపల తుప్పు, వాల్వు పాడు. మ్యాచ్ రైఫిళ్ల అల్యూమినియం సిలిండర్లకు పదేళ్ల గడువు ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు తేదీ చూడాలి. దగ్గర్లో క్లబ్బు, నింపే సదుపాయం ఉంటేనే పీసీపీ.

అవి లేనివాళ్లకు నాళం మడిచి స్ప్రింగు ఎక్కించేదే మేలు. పిల్లలు తమ చేతులతో ఆ నాళం మడవగలరా లేదా అన్నది దుకాణంలోనే చూడండి. పెల్లెట్ లేకుండా పేల్చకూడదు, పిస్టన్ నేరుగా వెళ్లి కొట్టుకుంటుంది. ఎక్కించి వదిలేస్తే స్ప్రింగు మెత్తబడుతుంది. కుట్టు మిషన్ నూనె లోపల పోయకూడదు. పేల్చినప్పుడు లోపలి గాలి నలిగి పుట్టే వేడికి నూనె అంటుకుని పొగ, పెద్ద చప్పుడు, స్ప్రింగుకు దెబ్బ. నాళం మూసుకునే అతుకు మీద టిష్యూ కాగితం ముక్క పెట్టి పేల్చండి (పెల్లెట్‌తోనే), అది ఎగిరితే రబ్బరు సీలు అరిగినట్టు. స్టాకు (భుజానికి ఆనించే పిడి) మరలు వదులైతే గురి చెదురుతుంది, తప్పు పిల్లల మీద పడుతుంది.

వాడాక చేతి చెమట తగిలిన ప్రతి లోహాన్నీ పలచని నూనె గుడ్డతో తుడవాలి. స్పాంజి పరచిన అందమైన పెట్టెలో వానాకాలమంతా పడుకోబెడితే ఆ స్పాంజే ఉప్పు తేమ పీల్చుకుని నాళానికి చుట్టుకుంటుంది. నిలబెట్టి, సిలికా జెల్ పక్కన పెట్టి, తాళం వేసిన అల్మారాలో ఉంచాలి, పెల్లెట్ల డబ్బా వేరే చోట. తేమకు పెల్లెట్ల సీసం పైన తెల్ల పొడి కడుతుంది, అలాంటివి పారేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోనిదే పిల్లలను కంచం దగ్గరికి రానివ్వకూడదు.